హ్యాష్‌మ్యాప్ తీగ లాగితే: సొంతంగా చదివి సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూకి సిద్ధం కావడం

మెకానికల్, సివిల్ చదివి ఐటీలోకి రావాలనుకునేవాళ్లు ఉంటారు. సీఎస్‌ఈ పట్టా ఉన్నా కాలేజీలో పాఠాలు సరిగ్గా జరగనివాళ్లు ఉంటారు. సర్వీస్ కంపెనీలో నాలుగేళ్లు సపోర్ట్ ప్రాజెక్టులో ఉండి ప్రొడక్ట్ కంపెనీకి మారదామని చూసేవాళ్లూ ఉంటారు. అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఏం చదవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి? జవాబుగా చేతికొచ్చేది ఒక పెద్ద లిస్టు. అర్రేలు, లింక్డ్ లిస్టులు, ట్రీలు, గ్రాఫ్‌లు, డైనమిక్ ప్రోగ్రామింగ్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్, నెట్‌వర్క్స్, సిస్టమ్ డిజైన్. దాని పక్కనే లీట్‌కోడ్ అనే ప్రాక్టీస్ సైట్‌లో మూడు వేలకు పైగా ప్రశ్నలు. అది చూడగానే సగం మందికి టెన్షన్ మొదలవుతుంది. మిగతా సగం మంది మొదటి పేరు నుంచి వరసగా చదువుతూ పోయి, ట్రీల దగ్గరికి వచ్చేసరికి అర్రేలు మర్చిపోతారు.

ఆ లిస్టులో తప్పేమీ లేదు. నా అభ్యంతరమల్లా సబ్జెక్టులను వేటికవి విడిగా చదివే పద్ధతి మీదే. కాలేజీలో సెమిస్టర్ల కోసం అలా విడదీశారు. ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్న ఇంజనీరుకి ఆ గోడలు లేవు. అతను ఒక ప్రశ్న అడుగుతాడు, జవాబులోంచి ఇంకో ప్రశ్న తీస్తాడు, అది ఎటు పోతే అటు తీసుకెళ్తాడు. సొంతంగా చదివేవాళ్లు కూడా అలాగే చదవాలని నా గట్టి నమ్మకం. ఒక్క విషయం పట్టుకుని దాని అడుగుదాకా వెళ్లాలి, తీగ లాగితే డొంకంతా కదలాలి. మాటల్లో చెబితే తేలదు కాబట్టి ఇక్కడ ఆ పని చేసే చూపిస్తాను.

దానికి ముందు, మీరు వెళ్లేది ఏ ఇంటర్వ్యూకో తేల్చుకోండి. టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో లాంటి సర్వీస్ కంపెనీలు ఫ్రెషర్లకి ఆప్టిట్యూడ్ టెస్టు, చిన్న కోడింగ్ ప్రశ్నలు, ఆ తర్వాత టెక్నికల్, హెచ్‌ఆర్ రౌండ్లు పెడతాయి. అక్కడ బేసిక్స్ గట్టిగా ఉండి, ప్రాజెక్టు గురించి తడబడకుండా చెప్పగలిగితే చాలావరకు గట్టెక్కవచ్చు. ప్రొడక్ట్ కంపెనీల లెక్క వేరు. ముందు ఆన్‌లైన్ టెస్టు, తర్వాత 45 నిమిషాలో గంటో ఉండే కోడింగ్ రౌండ్లు రెండో మూడో, అనుభవం ఉన్నవాళ్లకి డిజైన్ రౌండ్, చివర మేనేజర్ రౌండ్. రెండేళ్ల అనుభవానికి సిస్టమ్ డిజైన్ మీద నెలలు ఖర్చుపెట్టడం దండగ. ఏడేళ్ల అనుభవం ఉన్నవాళ్లు దాన్ని వదిలేస్తే మాత్రం ఆ రౌండ్‌లోనే ఆగిపోతారు.

ఇక తీగ. హైదరాబాద్‌లో జావా ఇంటర్వ్యూలకి తిరిగినవాళ్లెవరైనా ఒక ప్రశ్న విని ఉంటారు: "హ్యాష్‌మ్యాప్ లోపల ఎలా పనిచేస్తుంది?" హ్యాష్‌మ్యాప్ అంటే పేరు చెబితే దానికి సంబంధించిన విలువని వెంటనే తీసిచ్చే డేటా అమరిక. ఈ ప్రశ్నకి బట్టీ జవాబు రెడీగా ఉంటుంది. డిఫాల్ట్ కెపాసిటీ 16, లోడ్ ఫ్యాక్టర్ 0.75, జావా 8 నుంచి, బకెట్లు కనీసం 64 ఉంటే, ఒక బకెట్‌లో ఎనిమిది దాటగానే అది రెడ్ బ్లాక్ ట్రీ (ఒక రకం బ్యాలెన్స్‌డ్ ట్రీ) అవుతుంది. అంతా కరెక్టే. అప్పుడు ఇంటర్వ్యూ చేసేవాళ్లు అడుగుతారు: "0.75 ఎందుకండీ? 1 పెడితే ఏమవుతుంది? 0.25 పెడితే?" చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఎందుకంటే వాళ్లు అంకెలు చదివారు, ఆ అంకెలు తీర్చే సమస్యని చదవలేదు.

సమస్య దగ్గర్నుంచే వద్దాం. అర్రేలో పదివేలో గడి కావాలంటే మొదటి గడి నుంచి వెతుక్కుంటూ వెళ్లక్కర్లేదు. అన్నీ మెమరీలో పక్కపక్కనే, ఒకే సైజులో ఉంటాయి. మొదటి గడి అడ్రసుకి దాని ముందున్న 9,999 గడుల సైజు కలిపితే కావలసిన చోటు తెలిసిపోతుంది. ఒక గుణకారం, ఒక కూడిక, అంతే. అర్రే ఎంత పెద్దదైనా ఆ ఖర్చు మారదు. చిక్కల్లా ఏమిటంటే మన దగ్గర ఉండేవి గడి నంబర్లు కావు, పేర్లు, ఫోన్ నంబర్లు, ఆర్డర్ ఐడీలు. పేరుని నంబరుగా మార్చే సూత్రం ఒకటి ఉంటే పేరుతోనే నేరుగా గడికి వెళ్లొచ్చు. ఆ సూత్రమే హ్యాష్ ఫంక్షన్. దాన్నుంచి వచ్చిన పెద్ద సంఖ్యని 0 నుంచి 15 మధ్యకి కుదిస్తే 16 బకెట్లలో ఒకటి దొరుకుతుంది. బకెట్ల సంఖ్య ఎప్పుడూ 16, 32, 64 ఇలా రెండు యొక్క ఘాతాల్లోనే ఎందుకు ఉంటుందంటే, అప్పుడు ఆ కుదింపుకి భాగహారం అవసరం లేదు, చివరి కొన్ని బిట్లు తీసుకుంటే సరిపోతుంది. బిట్ ఆపరేషన్లు ఎందుకు నేర్చుకోవాలి అని విసుక్కునేవాళ్లకి ఇదొక జవాబు.

రెండు వేరు వేరు పేర్లు ఒకే బకెట్‌కి వస్తే? దాన్నే కొలిజన్ అంటారు. వాటిని ఆ బకెట్‌లో ఒకదాని వెనక ఒకటి గొలుసుగా, అంటే లింక్డ్ లిస్టుగా పెడతారు. గొలుసు పెరిగేకొద్దీ వెతకడం నెమ్మదిస్తుంది. అందుకే బకెట్లు నిండకముందే సైజు రెట్టింపు చేసి అన్నిటినీ మళ్లీ సర్దుతారు. ఎంత నిండాక ఆ పని చేయాలో చెప్పేదే లోడ్ ఫ్యాక్టర్: 16 బకెట్లకి 0.75 అంటే 12. పదమూడోది చేరగానే 32 అవుతుంది. లోడ్ ఫ్యాక్టర్ పెంచితే మెమరీ ఆదా అవుతుంది కానీ గొలుసులు పొడవవుతాయి. తగ్గిస్తే వెతకడం చురుగ్గా ఉంటుంది కానీ చాలా బకెట్లు ఖాళీగా పడుంటాయి. 0.75 ఈ రెంటి మధ్య ఒక రాజీ. కంప్యూటర్ సైన్స్‌లో టైమ్‌కీ మెమరీకీ మధ్య బేరం ప్రతిచోటా కనిపిస్తుంది. దాన్ని ఇక్కడ ఒకసారి కళ్లారా చూస్తే మళ్లీ ఎక్కడ ఎదురైనా గుర్తుపడతారు.

మరి ఎనిమిది ఎక్కడిది? హ్యాష్ ఫంక్షన్ బాగా చెదరగొడితే ఒక బకెట్‌లో ఎనిమిది చేరే అవకాశం కోటిలో ఒక వంతు కన్నా తక్కువని జావా సోర్స్ కోడ్‌లోని కామెంట్‌లోనే లెక్క వేసి చూపించారు. మామూలుగా జరగని పని. అంటే ఎనిమిది చేరిందంటే ఏదో తేడా ఉందన్నమాట. హ్యాష్ ఫంక్షన్ బాలేదు, లేదా ఎవరో కావాలని చేస్తున్నారు.

కావాలని ఎలా చేస్తారో చూడండి. జావాలో స్ట్రింగ్ హ్యాష్ లెక్క చాలా సులువు: ఇప్పటిదాకా వచ్చిన మొత్తాన్ని 31తో గుణించి తర్వాతి అక్షరం కోడ్ కలపడం. ఇంగ్లిష్ క్యాపిటల్ ఏ కోడ్ 65, స్మాల్ ఏ కోడ్ 97. ఈ రెండక్షరాల స్ట్రింగ్‌కి 65 × 31 + 97 = 2112. ఇప్పుడు రెండు క్యాపిటల్ బీలు తీసుకోండి. 66 × 31 + 66 = 2112. రెండూ ఒకటే! ఈ రెండు ముక్కలనీ ఎటు కలిపి అతికించినా హ్యాష్ మారదు. ముక్కలు పది పెడితే ఒకే హ్యాష్ ఉన్న స్ట్రింగ్‌లు 1024 తయారవుతాయి, ఇరవై పెడితే పది లక్షలు దాటతాయి. వెబ్ ఫారంలో ఇలాంటి పేర్లతో వేల ఫీల్డులు పంపితే సర్వర్‌లో అన్నీ ఒకే బకెట్‌లో పడి, ఒక్క రిక్వెస్ట్‌కే ప్రాసెసర్ నిమిషాల తరబడి ఇరుక్కుపోయేది. 2011 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన హ్యాకర్ల సమావేశంలో అలెగ్జాండర్ క్లింక్, జూలియన్ వాల్డె దీన్ని చేసి చూపించారు. జావా, పీహెచ్‌పీ, పైథాన్, డాట్‌నెట్ అన్నీ దెబ్బతినేవే. 2014లో వచ్చిన జావా 8 పొడవాటి గొలుసుని ట్రీగా మార్చేసరికి, ఎంత చెత్తగా కొలిజన్లు వచ్చినా వెతకడం లాగ్ ఎన్ దగ్గర, అంటే డేటా రెట్టింపైనా దాదాపు ఒక్క అడుగే పెరిగే లెక్క దగ్గర, ఆగుతుంది. బ్యాలెన్స్‌డ్ ట్రీలు చదివేటప్పుడు "ఇవి ఎక్కడ పనికొస్తాయి" అనే సందేహం ఇక రాదు.

ఇక్కడినుంచి బిగ్ ఓ, అంటే డేటా సైజు (ఎన్) పెరిగేకొద్దీ పని ఎంత పెరుగుతుందో చెప్పే కొలత, దగ్గరికి వెళ్లడం తేలిక. లక్ష సంఖ్యలు ఇచ్చారు, ఏ రెంటి మొత్తం ఫలానా సంఖ్య అవుతుందో కనిపెట్టమన్నారు. ప్రతి జతనీ చూస్తే దాదాపు 500 కోట్ల జతలు. మామూలు కంప్యూటర్ సెకనుకి సుమారు 10 కోట్ల చిన్న పనులు చేస్తుందని మోటుగా లెక్క వేసుకుంటే 50 సెకన్లు. ఆన్‌లైన్ టెస్టులో ఒకటి రెండు సెకన్లే ఇస్తారు. అదే, ఇప్పటిదాకా చూసిన సంఖ్యలన్నీ హ్యాష్‌మ్యాప్‌లో పెట్టుకుంటూ, ప్రతి సంఖ్య దగ్గర "దీనికి కావలసిన రెండోది ఇంతకుముందు వచ్చిందా" అని అడిగితే లక్ష ప్రశ్నలతో అయిపోతుంది. అందుకే ప్రశ్న కింద ఇచ్చే పరిమితులు ముందు చదవాలి. ఎన్ లక్ష దాకా ఉండొచ్చని రాశారంటే ఎన్ స్క్వేర్ పనికిరాదని వాళ్లే చెప్పేశారు. సార్టింగ్ లాంటి ఎన్ లాగ్ ఎన్ పద్ధతి అయితే 17 లక్షల పని, హాయిగా సరిపోతుంది. ఎన్ 20 అని ఉంటే అన్ని కాంబినేషన్లూ ప్రయత్నించమని అర్థం. సగం మంది ఈ ఒక్క లైను చదవరు.

డైనమిక్ ప్రోగ్రామింగ్ అంటే వణికేవాళ్లు ఎందరో. అక్కడా లోపల ఉండేది ఇదే తీగ. ఫిబొనాచీ వరుసలో నలభయ్యో సంఖ్యని మామూలు రికర్షన్‌తో (ఫంక్షన్ తననే తాను పిలుచుకునే పద్ధతితో) రాస్తే ఫంక్షన్ 33 కోట్ల సార్లకు పైగా పిలవబడుతుంది, ఎందుకంటే ఒకే లెక్కని మళ్లీ మళ్లీ చేస్తుంది. ఒకసారి చేసిన లెక్కని హ్యాష్‌మ్యాప్‌లో దాచుకుని, ఉంటే అదే వాడుకుంటే 79 పిలుపులతో పని పూర్తి. డైనమిక్ ప్రోగ్రామింగ్ మొత్తానికీ మొదటి మెట్టు ఇదే: రికర్షన్ సరిగ్గా రాయడం, చేసిన లెక్క దాచుకోవడం. రికర్షన్ రాకుండా టేబుల్ నింపే ఫార్ములాలు చూసి నేర్చుకుంటే కొత్త ప్రశ్న రాగానే చేతులెత్తేయాల్సిందే. గ్రాఫ్‌ల్లో వెళ్లిన చోటికే మళ్లీ వెళ్లకుండా "విజిటెడ్" అని గుర్తుపెట్టుకోవడం కూడా దాని అన్నదమ్ముడే.

ఇప్పుడు సబ్జెక్టు గోడలు దాటదాం. ఒకే హ్యాష్‌మ్యాప్‌ని రెండు థ్రెడ్లు (ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే పనులు) ఒకేసారి మారిస్తే? జావా 7 దాకా, రెండూ ఒకే క్షణంలో సైజు రెట్టింపు చేయబోతే గొలుసు తన తోకని తనే పట్టుకుని చుట్టుకుపోయే అవకాశం ఉండేది. ఆ తర్వాత ఆ బకెట్‌లో వెతికిన ప్రతి థ్రెడ్ అనంతంగా తిరుగుతూ ప్రాసెసర్‌ని వంద శాతానికి తీసుకెళ్లేది. దీన్ని అర్థం చేసుకోవాలంటే థ్రెడ్ అంటే ఏమిటి, ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని మధ్యలో ఎప్పుడైనా ఆపేయగలదా, లాక్ ఏం చేస్తుంది అన్నవి తెలియాలి. ఓఎస్ సబ్జెక్టులో రేస్ కండిషన్ చాప్టర్ పరీక్ష కోసం చదివితే నిద్రొస్తుంది. ఈ బగ్ కోసం చదివితే మర్చిపోవడం కష్టం.

హ్యాష్‌మ్యాప్ అంత వేగం కదా, మరి డేటాబేస్‌లో రికార్డు ఎక్కడుందో త్వరగా చూపే ఇండెక్స్‌ని ఎందుకు మామూలుగా బీ ట్రీతో (విలువల్ని వరసలో ఉంచే ట్రీతో) కడతారు? మంచి ఇంటర్వ్యూ ప్రశ్న ఇది. పోస్ట్‌గ్రెస్‌లో ఊరికే ఇండెక్స్ క్రియేట్ చేస్తే వచ్చేది బీ ట్రీయే, మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలోనూ అంతే. మొదటి కారణం: హ్యాష్ వరసని చెడగొడుతుంది. "జీతం 50 వేల నుంచి 80 వేల మధ్య ఉన్నవాళ్లు" అని అడిగితే హ్యాష్ ఏమీ చేయలేదు, ట్రీలో వరస ఉంటుంది కాబట్టి మొదటిది పట్టుకుని అక్కడినుంచి చదువుకుంటూ పోవచ్చు. రెండో కారణం డిస్క్. డిస్క్ నుంచి ఒక్కో రికార్డు కాకుండా ఒక పేజీ మొత్తం చదువుతారు. ఇన్నోడీబీలో మామూలుగా అది 16 కిలోబైట్లు. ఒక్క పేజీలో వందల కీలు (వెతకడానికి వాడే విలువలు) పడితే, కోట్ల రికార్డులున్న టేబుల్‌లో కూడా మూడు నాలుగు పేజీలు చదివితే కావలసిన చోటికి చేరతాం. 1970ల మొదట్లో బోయింగ్ పరిశోధన విభాగంలో రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ బీ ట్రీని తయారుచేసింది సరిగ్గా ఈ ఇబ్బంది కోసమే. ఈ మాత్రం చెప్పగలిగితే డీబీఎంఎస్ రౌండ్‌లో ఇంటర్వ్యూయర్ మీతో మాట్లాడే తీరే మారిపోతుంది.

డేటా ఒక్క మెషీన్‌లో పట్టకపోతే? నాలుగు సర్వర్లకి పంచుదాం, కీ హ్యాష్‌ని 4తో భాగించగా వచ్చిన శేషాన్ని బట్టి సర్వర్ ఎంచుకుందాం అంటారు. బాగుంది. లోడ్ పెరిగి ఐదో సర్వర్ పెట్టారు. ఇప్పుడు 5తో భాగించాలి. శేషాలు 4కీ 5కీ ఒకేలా వచ్చేది ప్రతి ఇరవై సంఖ్యల్లో నాలుగింటికే. అంటే 80 శాతం కీలు ఇల్లు మారాలి. ఒక్క సర్వర్ చేర్చినందుకు డేటా అంతా నెట్‌వర్క్ మీద పడుతుంది. దీనికి 1997లో ఎంఐటీలో డేవిడ్ కార్గర్ బృందం, సర్వర్ చేరినా కొద్ది కీలే ఇల్లు మారేలా చూసే కన్సిస్టెంట్ హ్యాషింగ్ అనే పరిష్కారం చూపింది. 2007లో అమెజాన్ డైనమో అనే తన డేటా నిల్వ వ్యవస్థ గురించి ప్రచురించిన పేపర్‌లో కూడా అదే ఆలోచన. సిస్టమ్ డిజైన్ అనగానే డబ్బాలు గీసి బాణాలు పెట్టి క్యాష్, క్యూ అని పేర్లు రాసేవాళ్లు ఎక్కువ. ఈ 80 శాతం లెక్క బోర్డు మీద వేసి చూపినవాళ్లు తక్కువ. ఎంపికయ్యే అవకాశం రెండోవాళ్లకే ఎక్కువ.

ఇంత దూరం ఒక్క ప్రశ్నతో వచ్చాం. నిండగానే అన్నిటికన్నా ఎక్కువ కాలంగా వాడనిదాన్ని తీసేసే ఎల్‌ఆర్‌యూ క్యాష్ అని చాలాచోట్ల అడిగే ప్రశ్న (హ్యాష్‌మ్యాప్, రెండు వైపులా లంకె ఉన్న లిస్టు కలిపితే అదే), జావాలో రెండు వస్తువులు సమానమో కాదో చెప్పే ఈక్వల్స్ రాసి, వాటి హ్యాష్ ఇచ్చే హ్యాష్‌కోడ్ మర్చిపోతే పెట్టిన వస్తువు ఎందుకు దొరకదు అన్న ప్రశ్న, ఇవి కూడా ఈ దారిలోనే తగులుతాయి. నెట్‌వర్క్స్‌కి ఇలాంటి తీగ ఇంకొకటి ఉంది: బ్రౌజర్‌లో అడ్రస్ టైప్ చేసి ఎంటర్ కొడితే పేజీ వచ్చేలోపు ఏమేం జరుగుతుంది? డీఎన్ఎస్, టీసీపీ, టీఎల్ఎస్, హెచ్‌టీటీపీ అన్నీ వరసగా వస్తాయి.

సరే, చదవడం ఎలా? చదివినదాన్ని కట్టి చూడాలి. లైబ్రరీ వాడకుండా సొంత హ్యాష్‌మ్యాప్ రాయండి. వంద, నూటయాభై లైన్లలో అయిపోతుంది. పెట్టడం, తీయడం, తొలగించడం, సైజు రెట్టింపు చేయడం. తొలగించేటప్పుడు గొలుసులో మొదటి నోడ్‌నే తీసేయాల్సి వస్తే కోడ్ ఎక్కడ విరుగుతుందో చేత్తో రాస్తేనే తెలుస్తుంది. ఆ తర్వాత పది లక్షల కీలు పెట్టి, లోడ్ ఫ్యాక్టర్ మార్చి మార్చి టైమ్ కొలవండి. ఇందాకటి రెండు ముక్కల స్ట్రింగ్‌లతో దాని మీద మీరే దాడి చేసి చూడండి. వారం పడుతుంది. ఆ వారంలో లీట్‌కోడ్ ప్రశ్నలు ముప్పై చేసుండొచ్చు కదా అనిపిస్తుంది. అనిపించనివ్వండి.

ప్రాక్టీస్ ప్రశ్నలు వద్దనడం లేదు. అవి చేయకుండా ప్రొడక్ట్ కంపెనీ రౌండ్ దాటడం కుదరదు. చేసే పద్ధతి ముఖ్యం. అరగంట, నలభై నిమిషాలు నిజంగా పోరాడాక జవాబు చూడండి, చూశాక మూసేసి ఖాళీ పేజీ మీద రాయండి, నాలుగైదు రోజుల తర్వాత మళ్లీ రాయండి. అప్పుడు రాకపోతే ఆ ప్రశ్న మీకు వచ్చినట్టు కాదు. ఐదు వందలు చేసి ఏదీ గుర్తులేనివాళ్ల కన్నా, నూటయాభై ఇలా చేసినవాళ్ల పరిస్థితి మెరుగ్గా ఉంటుంది.

వచ్చేసిందనుకున్న కోడ్‌ని కూడా అనుమానించే అలవాటు కావాలి. జావా లైబ్రరీలోని బైనరీ సెర్చ్ రాసిన జాషువా బ్లాక్, హ్యాష్‌మ్యాప్ రచయితల్లోనూ ఒకరు. 2006లో ఆయనే బయటపెట్టారు, ఆ బైనరీ సెర్చ్‌లో తొమ్మిదేళ్లుగా బగ్ ఉందని. మధ్య స్థానం కోసం రెండు కొసలూ కూడి రెండుతో భాగించారు. అర్రే వంద కోట్ల గడులు దాటే సైజుకి వస్తే ఆ కూడిక 214 కోట్ల పైచిలుకు ఉండే ఇంటీజర్ పరిమితి దాటి రుణ సంఖ్య అయిపోతుంది. రెండు కొసల తేడాలో సగం తీసి ఎడమ కొసకి కలిపితే ఆ ఇబ్బంది లేదు. ఇంటర్వ్యూలో కోడ్ రాయగానే "అయిపోయిందండీ" అనకుండా, ఖాళీ అర్రే, ఒక్క గడి, అన్నీ ఒకే విలువ, అతిపెద్ద సంఖ్యలు, వీటితో మీరే పరీక్షించి చూపిస్తే ఎదుటివాళ్లకి మీతో కలిసి పనిచేయొచ్చన్న ధైర్యం వస్తుంది.

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల నేర్పే కోర్సులని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. జిల్లాల నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ, కాలేజీ నేర్పని జావానో టెస్టింగో నేర్చుకుని ఎన్నో వేల కుటుంబాలు నిలబడ్డాయి. కాకపోతే అక్కడ దొరికేది టూల్. టూల్ కింద ఉన్నది మనమే తవ్వుకోవాలి, దానికి ఇప్పుడు డబ్బు అక్కర్లేదు. ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ పాఠాలు, ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్, హార్వర్డ్ సీఎస్50 ఉచితంగా చూడొచ్చు. ఒక్కో సబ్జెక్టుకి ఒక్క కోర్సు ఎంచుకుని చివరిదాకా చూడండి. ఐదు మొదలుపెట్టి అన్నీ మూడో పాఠంలో వదిలేయడం చాలామంది దగ్గర చూస్తున్నాను. ఉద్యోగం చేస్తూ రోజుకి రెండు గంటలు దొరికేవాళ్లకి ఇదంతా ఆరు నుంచి ఎనిమిది నెలల పని. మూడు వారాల్లో అయిపోతుందని చెప్పేవాళ్లని నమ్మకండి.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి ఒక మాట. విషయం తెలిసి కూడా ఆలోచనని ఇంగ్లిష్‌లో పైకి చెప్పలేక రౌండ్ పోగొట్టుకోవడం నిజమైన నష్టం. దీనికి స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు కన్నా, చేసిన ప్రతి ప్రశ్ననీ పైకి వివరిస్తూ ఫోన్‌లో రికార్డు చేసుకోవడం బాగా పనిచేస్తుంది. ముందు తెలుగులో చెప్పండి. తెలుగులో చెప్పడం కూడా రాలేదంటే సమస్య భాషది కాదు, ఆ టాపిక్ ఇంకా అర్థం కాలేదు. తెలుగులో వచ్చాక చిన్న చిన్న వాక్యాల్లో ఇంగ్లిష్‌లో చెప్పండి. వ్యాకరణం కాస్త అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు, మౌనంగా కూర్చుంటేనే కష్టం. వారానికి ఒకసారి స్నేహితుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని మాక్ ఇంటర్వ్యూ చేయండి. "ఎందుకు" అని ఆపకుండా అడుగుతూనే ఉండమని అతనికి ముందే చెప్పండి.

అంతా చదివాక అప్లై చేద్దామని ఆగకండి. ఆ రోజు రాదు. అర్రేలు, హ్యాషింగ్, ట్రీలు, రికర్షన్ మీద పట్టు దొరికాక ఇంటర్వ్యూలకి వెళ్లడం మొదలుపెట్టండి. బాగా కావాలనుకున్న కంపెనీని మాత్రం మొదట్లో పెట్టుకోకండి, ఒకసారి కాదంటే చాలా కంపెనీలు ఆరు నెలలో ఏడాదో ఆగి రమ్మంటాయి. ఇంటర్వ్యూ అయిన సాయంత్రమే కూర్చుని ఏ "ఎందుకు" దగ్గర ఆగిపోయారో రాసుకోండి. మర్నాడు చదవాల్సింది అదే.